నాగజ్యోతి అలారాలు

మంగళగిరి ఆఫీసులో కూర్చుని ఊరూరా ఉన్న కంపెనీ సర్వర్లను కనిపెట్టుకుని ఉండడం నాగజ్యోతి పని. ఏది మొరాయించినా ఫోను మోగుతుంది. ఆమె కొంగు దోపుకుని, "వస్తున్నానమ్మా, ఏడవకు" అంటూ చంటిపిల్లను సముదాయించినట్టు సముదాయిస్తుంది. రంజాన్ నెలలో సాయంత్రం డ్యూటీ, ఆమెతో పాటు అదే పని చేసే అష్రఫ్‌కు పడింది. అలారం వెంటనే అందుకోకపోతే మేనేజరు చేత చీవాట్లు. అందుకుంటే ఉపవాసం విడిచే వేళ దాటిపోతుంది. అందుకని ఆ కాసేపూ అతని అలారాలను ఆమె గుట్టుగా తన ఫోనుకు మళ్ళించుకునేది.

"చూశారా అక్కా, నేను ఖర్జూరం నోట్లో వేసుకోగానే సర్వర్లన్నీ నోరు మూసుకుంటాయి!" అన్నాడు అష్రఫ్ ఓరోజు. "దేవుడున్నాడయ్యా," అందామె. అంతలో ఆమె బ్యాగులో ఫోను గుర్రుమంది. "మా అత్తగారు," అంటూ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని లేచింది. అష్రఫ్ నవ్వాపుకుంటూ ఆమె అరచేతిలో రెండు ఖర్జూరాలు పెట్టాడు. "ఇవాళ అత్తగారు ఏ ఊరి సర్వర్లోంచి చేస్తున్నారక్కా?"