గేటు వేసే కాలేజీ, వేయని కాలేజీ

మా దగ్గర మే నెలలో డిగ్రీ లెక్చరర్లు పాఠాలు చెప్పరు, ఊళ్ళు తిరుగుతారు. ఇంటర్ పాసైన పిల్ల ఏ ఇంట్లో ఉందో కనుక్కుని, ఆ గడపలో కూర్చుని, మా కాలేజీలో చేర్పించండని బతిమాలడం మా ఎండాకాలం ఉద్యోగం. పర్ణశాల అవతలి అడవి ఊళ్ళు నాకూ మా కామర్స్ సారుకూ పడ్డాయి. ఆయన బండి నడిపేవారు, నేను వెనక కరపత్రాల సంచి పట్టుకునేదాన్ని. చరిత్రలో పీజీ చేసింది ఇందుకేనా అని దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

మా పట్టణంలో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు రెండే, రెండూ చిన్నవే. ఒకటి మాది, ఒకటి సిస్టర్లు నడిపేది. ఏది గొప్పదన్న చర్చ టీకొట్టు నుంచి చర్చి మెట్ల దాకా నడుస్తూనే ఉంటుంది. సిస్టర్లు తొమ్మిదిన్నరకు గేటు వేస్తారు, మళ్ళీ నాలుగింటికే తీస్తారు. ఫోన్లు గుంజుకుంటారు. కాబట్టి అక్కడ చదువు బాగుంటుంది. మాకూ గేటుంది గానీ, కరస్పాండెంట్ గారి మిర్చి లారీ దానికి అడ్డంగా ఆగి ఉంటుంది గనుక మూయడం కుదరదు. కాబట్టి చదువు బాగుండదు. ఇంతకు మించి ఎవరూ పరిశోధన చేయలేదు. లైబ్రరీ తాళంచెవి ఎవరి దగ్గరుందని రెండు చోట్లా ఎవరూ అడగరు.

"ఈసారి బీఏ నిండకపోతే గ్రూపు ఎత్తేయడమేనండి మేడం. నన్ను తప్పు పట్టొద్దండి," అన్నారు కరస్పాండెంట్. ఆయన వాళ్ళ నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఆ 'అండి' మాత్రం ఇంకా అక్కడిదే. గ్రూపు ఎత్తేస్తే నా ఉద్యోగమూ ఎత్తేసినట్టే.

అదే వేసవిలో మా అమ్మాయి ఇంటర్ అయింది. "నీ కాలేజీలనే బీఏ చేస్త అమ్మా. నీ క్లాసులే వింట," అంది. పొద్దంతా మా కాలేజీని పొగిడి గొంతు పోగొట్టుకున్నదాన్ని, అక్కడేం జరుగుతుందో నాకు తెలియదా? గైడు చదువుతాం, పిల్లలు రాసుకుంటారు. ఇంటర్నల్ పరీక్ష పేపర్లు తెరవకుండానే అందరికీ ఒకేలా మార్కులు వేస్తాం, ఎవరూ అలగరు. తన పెరుగు పుల్లనని ఎవరూ చెప్పుకోరు. కానీ సొంత బిడ్డ కంచంలో వేసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. వెబ్ ఆప్షన్లలో సిస్టర్ల కాలేజీనే మొదట పెట్టించాను. అమ్మాయి ఏడ్చింది. మన చర్చి వేరు, వాళ్ళది వేరు కదా అని అత్తయ్య గొణిగింది. నేను వినలేదు.

ఆ తర్వాతి వారం ఒక గూడెంలో, వాకిట్లో కూర్చుని బీడీల తునికాకు కట్టలు కడుతున్న ఒకావిడ మా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మీ బిడ్డను ఏడ ఏసిండ్రు మేడం?"

కామర్స్ సారు చెప్పుల వైపు చూసుకున్నారు. నాకు అబద్ధం అందలేదు. "సిస్టర్ల కాలేజీలో," అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. పక్కనున్న కూతురితో తమ భాషలో ఏదో అని, నా వైపు తిరిగింది. "గదే మరి! తల్లి కాడ్నే చదివితే మార్కులు ఊకెనే ఏస్తదంటరు లోకులు. గందుకే బయటేసిండ్రు. గింత స్ట్రిక్టు మేడంను నేనేడ సూడలే. మా పిల్ల మీ కాడ్నే చదవాలె."

నేను నోరు తెరిచేలోపు సారు సంచి తెరిచారు. "అవ్ అమ్మా, మా మేడం గట్లనే! సొంత బిడ్డని గూడ సూడదు," అంటూ దరఖాస్తు తీశారు. ఇక అక్కణ్ణుంచి ప్రతి ఇంట్లోనూ, వాళ్ళు అడగకముందే ఆ కథ ఆయనే ఎత్తుకున్నారు. బీఏ నిండింది. కరస్పాండెంట్ గారు ఫ్లెక్సీ మీద నా ఫొటో వేయించారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఏమిటో రోజూ బస్సు దిగగానే నా మొహంలోనే చూసుకునేదాన్ని.

ఆ తునికాకు ఇంటి పిల్ల ముందు బెంచీలో కూర్చుంది. మొదటి ఇంటర్నల్ మార్కులు ఇచ్చిన రోజు స్టాఫ్ రూముకు వచ్చింది. "మేడం, నేను రెండో ప్రశ్న రాయనే లే. దానికి గూడ మార్కులు ఏసిండ్రు. మీరు స్ట్రిక్టని సార్ అన్నరు గద?"

ఎగతాళి చేస్తోందేమోనని ఆ పిల్ల మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే అడుగుతోంది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

తాళంచెవి దొరకలేదు గనుక లైబ్రరీ తాళం పగలగొట్టించాను. గైడు ఇంట్లో పడేసి, పుస్తకాలు చదివి నా పాఠం నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. పేపర్లు దిద్దాను. కొందరు తప్పారు, తల్లిదండ్రులు కాలేజీ మీదికి వచ్చారు. "స్ట్రిక్టంటే ఏదో మాటవరసకి అనుకున్నామండి," అని కరస్పాండెంట్ గారు నొచ్చుకున్నారు.

మొన్న సాయంత్రం నేను బియ్యం కడుగుతుంటే, మా అమ్మాయి టేబుల్ మీదున్న మర్నాటి పాఠం తీసి చదివింది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదలుపెట్టింది.

"మాకు గిట్ల చెప్పరమ్మా. నువ్వు పడేసిన ఆ గైడే చదివిస్తరు." కాగితాలు సర్దిపెడుతూ అడిగింది. "రేపు నీ క్లాసుకొచ్చి వెనక కూసోనా?"

బియ్యం కడిగిన నీళ్ళు పారబోశాను. నా క్లాసు పదకొండింటికి. వాళ్ళ గేటు నాలుగింటికి గానీ తీయరు.