పెరుగన్నం చేత్తో దిగిన ఫొటో

పొద్దున్నే బీరకాయ చెక్కు తీస్తుంటే ఆ పచ్చి వాసనకు ఒక్కోసారి చేయి ఆగిపోతుంది. సూర్యాపేటలో మా పక్క వాటాలో కిరాయికి ఉండిన సరోజన టీచర్ అయితే ఆ చెక్కుల కుప్పను కూడా వదిలేది కాదు. "ఆగాగు, కదపకు" అంటూ ఫోన్ పట్టుకుని వచ్చేది. బడి నుంచి రిటైరయ్యాక ఆమెకు పట్టిన పిచ్చి అది. దండెం మీద బట్టలు, మోతె రోడ్డుకు అడ్డంపడ్డ గొర్ల మంద, పొంగిపోయిన పాలు, ఏది కనబడినా ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేది.

"అక్కా, పొంగిన పాలు గూడ పెడితివా? అందరు సూసి నవ్వుతున్నరు" అన్నాను ఒకరోజు.

ఆమెది కోదాడ. మాటలో ఆంధ్రా యాస కలిసేది. "నవ్వనీవే. పెళ్లిళ్ల ఫొటోలే దాచుకుంటే ఎట్టా? మనం రోజూ బతికింది ఎక్కడ కనపడుద్ది?" అంది.

ఎన్ని చెప్పినా నేను మాత్రం ఆమె ఫొటోల్లో పడేదాన్ని కాదు. మా ఆయన పోయాక ఫొటో అంటేనే పక్కకు జరగడం అలవాటైంది. పెళ్లిళ్లలో "ఫొటోకు రండి" అని పిలవగానే నాలాంటివాళ్లం ఏదో పని గుర్తొచ్చినట్టు వంటల వైపు నడుస్తాం. ఎవరూ పొమ్మనరు, రమ్మనీ అనరు. టీచరమ్మ కూడా భర్త పోయిన మనిషే. ఆమెకు ఈ పట్టింపులేవీ ఉండేవి కావు. అది చూసి నాకు ఒళ్లు మండేది, లోపల కాస్త ఈర్ష్య కూడా ఉండేదేమో.

మిర్యాలగూడలో మా తమ్ముడి బిడ్డ పెళ్లికి ఆమెను తోడు తీసుకెళ్లాను. తలంబ్రాలయ్యాక ఇంటివాళ్లందరినీ స్టేజీ మీదికి పిలిచారు. నేను ఎప్పటిలాగే భోజనాల దగ్గరికి వెళ్లి పెరుగన్నం పెట్టించుకుని కూర్చున్నాను. ఆ పిల్లను ఎత్తుకుని పెంచినదాన్ని, ముద్ద ఎలా దిగుతుంది? టీచరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. స్టేజీ ఎక్కమని ఒక్క మాట అనలేదు. ముద్ద నోటి దాకా వచ్చేసరికి ఫొటో తీసి, "మేనకోడలి పెళ్లిలో మా చెల్లెలు" అని రాసి స్టేటస్‌లో పెట్టేసింది.

"తీసెయ్యక్కా, మంచిగుండదు" అని బతిమాలాను.

"అన్నం తినటానికి కూడా అడ్డేంటే?" అంది.

మా తమ్ముడి ఫోన్‌లో ఆమె నంబరుంది. అతను చూసి చూపించినట్టున్నాడు, కాసేపటికి పెళ్లికూతురు స్టేజీ దిగి, కొంగుముడితో ఉన్న పెళ్లికొడుకును వెంట లాక్కుంటూ మా బల్ల దగ్గరికే వచ్చేసింది. "అత్తా, నువ్వు గీడ కూసున్నవా? నువ్వు లేకుంట గదేం ఫొటో?" అంటూ నా పక్క కుర్చీలో కూలబడింది. కెమెరా అతను పరుగెత్తుకొచ్చాడు. చేయి కడుక్కొస్తానన్నా ఎవరూ వినలేదు. ఆ ఆల్బంలో నేను పెరుగన్నం చేత్తోనే ఉంటాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో చూసినవాళ్లు చెప్పలేరు.

ఆ తర్వాత ఫొటోలు తీయడం, స్టేటస్ పెట్టడం నాకూ నేర్పింది. ఆరోగ్యం చెడి ఆమె కోదాడలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాక స్టేటస్‌లలోనే కలుసుకునేవాళ్లం. చివర్లో దవాఖాన కిటికీని, సెలైన్ సీసాను కూడా పెట్టింది. ఒక పొద్దున స్టేటస్‌కు బదులు ఆమె కొడుకు ఫోన్ వచ్చింది. ఆమె పోయింది.

చాలా రోజులు నేనేమీ పెట్టలేదు. ఒకనాడు ఉండబట్టలేక, డాబా మీద ఆరబోసిన మిరపకాయల పక్కన నా ముఖం కూడా పడేలా తీసి పెట్టాను. ఎవరెవరు చూశారో చూద్దామని తెరిస్తే, ఆ పేర్లలో "సరోజనక్క" అని ఉంది. వెంటనే కోదాడకు ఫోన్ చేస్తే ఆమె కోడలు ఎత్తింది.

"నేనే చూశాను పిన్నిగారూ. అత్తమ్మ ఫోన్ తీసెయ్యబుద్ధి కాలేదు, ఛార్జింగ్ పెట్టి ఉంచుతున్నాం. లేవగానే మీ స్టేటస్ వచ్చిందా అని చూసుకునేది గదా. పెడతా ఉండండి, నేను ఆ ఫోన్‌లోనే చూస్తా" అంది.

అప్పటి నుంచి రోజూ పెడుతున్నాను. ఆమె లేదని తెలుసు, ఆ ఫోన్ తెరిచేది కోడలని తెలుసు. అయినా ఆ పేరు కనబడేదాకా ఏ పని మీదా మనసు నిలవదు. కనబడ్డాక కూడా కాసేపు నిలవదు.