గింజ వేసే చెయ్యి

ఎదురింటి అక్క తోట ఎందుకు మానేసిందని మా వీధిలో ఎవరినడిగినా ఒకే కథ చెబుతారు. భర్త పోయాక మనసు విరిగిపోయిందని, చెట్ల వైపు చూడబుద్ధి కాలేదని, పాపం కుండీలన్నీ ఎవరెవరికో ఇచ్చేసిందని. చెప్పేటప్పుడు తల కాస్త పక్కకు వంచుతారు, గొంతు తగ్గిస్తారు. వినేవాళ్ళకు ఇంకేం కావాలి, నమ్మేస్తారు. నేను నమ్మను. అక్కడే ఉన్నాను కనుక నమ్మను. దినాలు అయిపోయిన మర్నాడే ఆమె మిద్దె ఎక్కి, ఎండిన మిరప కొమ్మలు కత్తిరించడం నా వంటింటి కిటికీలోంచి చూశాను. దుఃఖానికి, తోటకు ఆమె లోపల ఏ తగాదా లేదు. ఆమె చేత తోట మాన్పించింది మేము. ఈ మాట అంటే నాది దురుసు నోరంటారు. నోరు దురుసైతే మాట అబద్ధమవుతుందా?

అప్పటికి మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్ళం నలుగురం. రిటైరైన టీచరమ్మ, బట్టలు కుట్టే ఆపా, ఎదురింటి అక్క, నేను. మెదక్‌లో మిద్దె తోట అంటే సగం సేద్యం, సగం కోతులతో యుద్ధం. అందరిలోకీ గట్టి ఇనుప జాలీ టీచరమ్మ మిద్దె మీదే ఉండేది కనుక ఆదివారం సాయంత్రం అక్కడ కూడేవాళ్ళం. ఎవరి చాట వాళ్ళు తేవాలి. ఆ వారం తెంపినవి అందులో పరవాలి. పుచ్చినవి, పగిలినవి, గిడసబారినవి కూడా తెచ్చి చూపించాలి. ఆ నియమం టీచరమ్మది. ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన మనిషి, తప్పు కనపడకపోతే ఆమెకు తోచదు.

"టీచరమ్మా, గీ ఆనిగెపుకాయ మీ తీగెకు కాసిందా, అంగట్ల కాసిందా?" అని నేనడిగితే ఆమె ఆ సొరకాయలో గోరు గుచ్చి, ఊరిన నీళ్ళు చూపించేది.

"పొద్దుగాల తెంపిన. నీ లెక్క ముదురబెట్టి తెంపుతననుకున్నవా?"

"ఆమె ఇంట్ల కాయలొక్కటే గాదు టీచరమ్మా, మాటలు గూడ ముదిరినయే," అని ఆపా దారం కొరికినట్టు నాలుగు మాటలు అనేసి ఊరుకునేది.

నా వంకాయల్లో పురుగు లేనిది ఒకటి కనిపిస్తే అందరూ దాన్ని తిప్పితిప్పి చూసేవాళ్ళు. మందు కొట్టావా అని అడిగేవాళ్ళు. కొట్టలేదంటే, "మరి పురుగెందుకు రాలే?" అని టీచరమ్మ, "ఈమె నోరుకు భయపడ్డదేమో," అని ఆపా. నా టమాటాలు అడుగున నల్లగా కుళ్ళిపోయేవి. ఆపా కొత్తిమీర మొలకెత్తి, జానెడు కాకముందే పూతకొచ్చేది. టీచరమ్మ కాకర తీగకు ఏడాదంతా మగ పూలే. ఎదురింటి అక్క చాటలో మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి నిండుగా ఉండేది. చిక్కుళ్ళో, గోకరకాయలో, లేత బెండకాయలో. ఆమె దాని గురించి ఒక్క మాట చెప్పేది కాదు. "ఏం చేస్తున్నవక్కా?" అని నేను గుచ్చిగుచ్చి అడిగితే, "నీళ్ళు పోస్తున్న," అనేది.

అందుకే ఆమె చెయ్యి మంచిదన్నారు. మిరుగం వచ్చిందంటే, అంటే మొదటి వానకు నేల చల్లబడే రోజుల్లో, నలుగురిళ్ళలోనూ మొదటి గింజ ఆమే వెయ్యాలి. ఆమె పొద్దున్నే తలస్నానం చేసి ఇల్లిల్లూ తిరిగి మిద్దెలెక్కేది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినదాన్ని. గింజకు తడి, గాలి, వెచ్చదనం కావాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా ఆమెను పిలిచేదాన్ని. ఆమె వస్తే గింజ వేసి ఊరికే పోదు. ప్రతి కుండీ దగ్గరా వంగి ఆకు వెనక చూస్తుంది, చాయ్ తాగుతుంది, వెళ్ళేటప్పుడు నా మిద్దె కూడా ఒక తోటే అనిపించేలా చేసి వెళ్తుంది.

నిరుడు ఎండాకాలంలో ఆమె భర్త పోయాడు. సాయంత్రం ఛాతీలో నొప్పన్నాడు, దవఖానాకు తీసుకుపోయారు, తెల్లారి తీసుకొచ్చారు. చెరువు మట్టి బస్తాలు భుజాన వేసుకుని ఆమె మిద్దె మీదికి మోసింది ఆయనే. మేమంతా వెళ్ళాం, కూర్చున్నాం, అన్నం వండి పంపాం. ఆ విషయంలో మా వీధిని తప్పు పట్టను. చావు జరిగిన ఇంటికి ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

మిరుగం వచ్చింది. నేను తమ్ముడి ఇంట్లో పనుండి శివ్వంపేట పోయాను. తిరిగొచ్చాక ఆపా చెప్పింది, ఈసారి తనింట్లో, టీచరమ్మింట్లో గింజలు టీచరమ్మ కోడలే వేసిందని.

"అక్కను పిలువలేదా?"

ఆపా మిషన్ మీది బట్ట అటూ ఇటూ సర్దింది. తర్వాత, "ఆమె తలస్నానం చేసి గేటు కాడ నిలబడ్డదక్కా," అంది. "నేను అటుకెళ్ళి పోతున్న. 'ముందు ఎవలింటికి పోవాలె?' అని నన్నే అడిగింది. నేనేం చెప్పాలె? తెల్వదని చెప్పి వచ్చేసిన."

"మొగడు పోయినామె గింజ వెయ్యొద్దని మీ దాంట్ల గూడ ఉన్నదా గీ పట్టింపు?"

"మా దాంట్ల లేదు. గానీ మీ నడుమ నేను మాట్లాడితే బాగుంటదా చెప్పు."

బాగుండకపోయినా మాట్లాడేది నేను. ఆ ఆదివారం చాట కింద పెట్టకముందే టీచరమ్మను అడిగాను. ఆమె తొణకలేదు.

"పాపం, బాధల ఉన్నది. ఇంటింటికి తిప్పి ఇబ్బంది పెట్టుడెందుకని పిలువలే."

"ఆమె బాధపడతదని పిలువలేదా, మీ బీర తీగె బాధపడతదని పిలువలేదా?"

"నీకు ప్రతిదాంట్ల వాదమే."

"వాదం గాదు, ఒక మాట అడుగుతున్న. భర్త ఉన్నప్పుడు ఆమె చేతికి ఉన్న వేళ్ళే గదా ఇప్పుడూ ఉన్నయి?"

"నేను పెట్టిన ఆచారమా ఇది?" అంది టీచరమ్మ. "నేను గిట్ల నమ్ముతనని నీకెవరు చెప్పిన్రు? మా కోడలు మనసుల పెట్టుకుంటది. రేపు తీగె ఎండితే ఆ పిల్ల ఏమనుకుంటదో అని."

ఇదీ మా వీధి పద్ధతి. ఎవరూ నమ్మరు. ప్రతి ఒక్కరూ, నమ్మే ఇంకొకరి కోసం జాగ్రత్త పడుతుంటారు.

అక్కడితో ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. మర్నాడు ఎదురింటికి వెళ్ళి నా మిద్దె మీద బీర గింజలు వెయ్యాలి రమ్మన్నాను. ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"వద్దు చెల్లె. నువ్వే ఏసుకో."

"ఏటేటా నువ్వే వేస్తివి గదా."

"అప్పుడు వేరే. నీ తోట మంచిగుండాలె నాకు."

"నాకు బీరకాయలు గావాలని పిలుస్తలేనక్కా. నువ్వు రావాలని పిలుస్తున్న."

చింతపండు పక్కన పెట్టి, చేతులు చాలాసేపు కడుక్కుంది. లేచి నా వెంట నడిచింది.

టీచరమ్మను, ఆమె కోడలిని, ఆపాను కూడా నేనే పిలిచి ఉంచాను. వాళ్ళ కళ్ళ ముందే వేయించాలని నా పంతం. తీగ పందిరెక్కితే ఇక ఎవరూ నోరెత్తరని. గింజలు కూడా వేరేవి కాదు. ముందటి ఏడాది నా తీగకే వదిలేసిన ఒక ముదురు కాయ మూతి విరిచి దులిపితే రాలిన నల్లటి గింజలు. శివ్వంపేట పోకముందే అవే మిగతా ఇద్దరికీ పంచాను. వాళ్ళ మిద్దెల మీద అప్పటికే రెండాకులు విచ్చాయి.

గింజ మట్టిలో పడేటప్పుడు చూడకూడదని మాలో ఒక పట్టింపు ఉంది. చూస్తే దిష్టి తగిలి మొలక చచ్చిపోతుందట. నలుగురం మొహాలు తిప్పుకున్నాం. నమ్మకం లేనిదాన్ని నేను కూడా తిప్పుకున్నాను. ఆ పూట ఎవరితోనూ ఇంకో గొడవ వద్దనుకున్నాను. పక్క ఇంటి మీద ఒక కోతి కూర్చుని మమ్మల్నే చూస్తోంది. వెనక మట్టి కదిలిన చప్పుడు, చెంబుతో నీళ్ళు పోసిన చప్పుడు వినిపించాయి. తిరిగి చూసేసరికి ఆమె కుండీ మీద మట్టి చదును చేసి కొంగుతో చెయ్యి తుడుచుకుంటోంది. చాయ్ పెడతానన్నాను. పొయ్యి మీద పాలున్నాయని వెళ్ళిపోయింది.

మొలవలేదు. ఒక్క గింజ కూడా మొలవలేదు. నేను కుండీ మీద జాలీ కట్టాను, ఎండ పడితే నీడకు జరిపాను, తడి ఆరకుండా చూశాను. టీచరమ్మ పందిరి మీద బీర తీగ పూత పట్టింది. ఆపా డబ్బాలోని తీగ గోడ దాటి కరెంటు తీగ అందుకోబోయింది. నా కుండీలో గడ్డి మాత్రం మొలిచింది.

వానలు బాగా పడుతున్న ఒక ఆదివారం, చాలా రోజుల తర్వాత ఎదురింటి అక్క కూడా వచ్చింది. నేను బతిమాలితే వచ్చింది. టీచరమ్మ చాటలో బీరకాయలు, లేతవి, నరాలు తేలినవి. ఆపా చాటలో అవే. నా చాటలో పుంటికూర. ఎవరూ ఏమీ అడగలేదు. అదివరకైతే బీరకాయ లేని నా చాటను చూసి నన్ను ఏడిపించేవాళ్ళు. మందు వేశావా, మాటలు వేశావా అని. ఆ రోజు టీచరమ్మ తన బీరకాయలు రెండు తీసి నా చాటలో పెట్టి, "పోనీలే, అందరికీ అన్నీ కావు," అంది. అంత మెత్తగా ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కోడలు చూపు తిప్పుకుంది.

"పాత గింజలు అయి ఉంటయి," అన్నాను. అబద్ధం. ఆ గింజలు ఎక్కడివో అక్కడున్న అందరికీ తెలుసు.

అప్పుడు ఎదురింటి అక్క అంది. "గింజలదేం లేదు. నా చెయ్యి గట్లయింది. చెల్లెను ఏమనకుండ్రి."

ఆమెను కాదనడానికి నేను నోరు తెరిచాను. జీవితంలో ఎన్నో పనికిరాని చోట్ల నాకు మాటలు దొరికాయి, అక్కడ దొరకలేదు. ఆపా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. టీచరమ్మ, "గట్లనకమ్మా," అంది గానీ, ఆ మాట వెనక ఒక నిమ్మళం ఉంది. తను అనాల్సింది ఆమే అనేసిందన్న నిమ్మళం. కాసేపటికి అక్క తన చిక్కుళ్ళు మా మూడు చాటల్లో సమంగా పోసి, ఖాళీ చాట చంకన పెట్టుకుని మెట్లు దిగింది. మళ్ళీ రాలేదు. ఆ నెలలోనే కుండీలు ఇచ్చేయడం మొదలుపెట్టింది. నాకూ కొన్ని ఇచ్చింది, నేను తీసుకోనంటే గేటు దగ్గర పెట్టి వెళ్ళింది.

వానలు తగ్గాక నేను ఆ బీర కుండీని పాత పేపరు మీద బోర్లించాను. కోపంతోనే బోర్లించాను. కారణం ఏదో ఒకటి దొరికితే టీచరమ్మ మొహాన పెట్టాలని. చీమలో, వేరుపురుగో, బూజో. మట్టిని పిండి జల్లెడలో పోసి జల్లించాను. బీర గింజ గట్టి పెంకుది. మొలవకపోయినా మట్టిలో మాయం కాదు. కుళ్ళితే తొక్క మిగులుతుంది, ఎలుక తింటే పెచ్చులు మిగులుతాయి. పైగా జాలీ కట్టిన కుండీ. రాళ్ళు వచ్చాయి, పెంకు ముక్కలు వచ్చాయి, గడ్డి వేళ్ళు వచ్చాయి. గింజ రాలేదు, గింజ తాలూకు తునక కూడా రాలేదు. నమ్మలేక రెండోసారి జల్లించాను.

చేతుల మట్టి కడుక్కోకుండానే ఎదురింటికి వెళ్ళాను. ఆమె తలుపు తీసి నా చేతుల వైపు చూసింది.

"అక్కా, ఆ పొద్దు నా కుండీల గింజలు వేసినవా?"

తలుపు ఇంకాస్త తెరిచింది. తర్వాత పక్కకు జరిగి, "లోపలికి రా, చేతులు కడుక్కో," అంది. నేను కదల్లేదు. మళ్ళీ అడిగాను.

"అంగట్ల బీరకాయలు మస్తు వస్తున్నయి చెల్లె," అంది. "కొనుక్కుంటే అయిపోతది. గింజలతోని ఏం పరేషాన్ నీకు."

ఇప్పుడు ఆమె మిద్దె మీద బట్టలారేసే తీగలు తప్ప ఏమీ లేవు. మేం ముగ్గురం ఇంకా ఆదివారాలు కూడతాం. టీచరమ్మ కోడలు నాలుగో మనిషి అయింది. చాటలు పరుస్తాం, పుచ్చులు చూపించుకుంటాం, ఆ పిల్లకు కాకర పిందె నిలవకపోతే టీచరమ్మ మట్టిని తిడుతుంది, వానను తిడుతుంది, దుకాణంవాడు అమ్మిన విత్తనాన్ని తిడుతుంది. చేతి మాట ఎవరూ ఎత్తరు. ఎత్తాల్సిన చోట నేను ఎత్తాను, ఎత్తినందుకు ఒక ఆదివారం అందరూ చాటలు తీసుకుని తొందరగా లేచారు, అంతే. జల్లెడ సంగతి చెబితే ఆపా నమ్మింది. టీచరమ్మ మాత్రం, "చీమలు మోసుకపోయి ఉంటయి," అంది.

చీమలు బీర గింజలు మోసుకుపోగలవా అని నేను వాదించను. ఆమెకు చీమలు కావాలి, ఉంచుకోనీ. నాకు తెలియాల్సింది వేరే ఉంది, అది చెప్పగలిగిన మనిషి రోజూ నా ఎదురుగానే తలుపు తీస్తుంది, నన్ను చూసి నవ్వుతుంది, మంచిగున్నవా అని అడుగుతుంది. ఆ పొద్దు మేమంతా మొహాలు తిప్పుకుని నిలబడినప్పుడు, ఆమె కుండీ మీద పిడికిలి విప్పిందా, విప్పలేదా?