ఎగరదని చెప్పిన కుళ్ళాయప్ప సార్

కొత్త ఆర్మ్‌ను సర్వో ఇరుసు మీద పెట్టి నొక్కితే చిన్నగా 'టిక్'మంటుంది. రిమోట్‌తో ఎగరేసే మోడల్ జెట్ విమానం తోక రెక్కను రేడియో ఆజ్ఞ ప్రకారం పైకీ కిందికీ తిప్పే బుల్లి మోటారు సర్వో. దాని ఇరుసుకు తగిలించే, సగం వేలు పొడవుండే ముక్క ఆర్మ్. ఇవాళ పొద్దున అనంతపురంలో మా ఇంటి వరండాలో ఆ చప్పుడు వినగానే కుళ్ళాయప్ప సార్ గుర్తొచ్చారు.

రాయదుర్గంలో ఒక ప్రైవేటు ఐటీఐలో ఆయన మాకు ఫిట్టర్ పని నేర్పేవారు. క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. జీన్స్ కుట్టే పనికి పొమ్మని ఇంట్లో అంటుంటే, పంతం పట్టి చేరినదాన్ని. సాయంత్రాలు వర్క్‌షాపులో సార్ తన సొంత మోడల్ జెట్ తయారు చేస్తుంటే పక్కనే కూర్చునేదాన్ని. ఒకరోజు రెండు ఆర్మ్‌లు నా ముందు పెట్టి, ఏది తీసుకుంటావని అడిగారు. పొడవుది పట్టుకున్నాను.

"ఎందుకు?"

"రెక్క ఎక్కువ తిరుగుతాది సార్."

"తిరుగుతాది. బలం తగ్గుతాది. జోరు మీద ఉన్నప్పుడు గాలి రెక్కను ఎనక్కి తోస్తాది. కావాల్సినంత తిరిగితే చాలు. ప్లాస్టిక్‌ది వంగుతాది, అల్యూమినియందే తీసుకో. ఇరుసు దూరే బెజ్జం లోపలి పళ్ళు కూడా చూడు. కంపెనీ మారితే పళ్ళూ మారతాయి."

ఆ ఏడు వార్షికోత్సవానికి ముఖ్య అతిథి ఒక నాయకుడు. ఐటీఐ యజమానికి బంధువు. మైదానం చుట్టూ బడిపిల్లలను కూర్చోబెట్టారు. అందరూ చూడాలనుకున్నది జెట్‌నే. తీరా పొద్దున పరీక్షిస్తుంటే తోక సర్వో కాలిపోయింది. వేరే కంపెనీది ఒకటి ఉంది కానీ, మా ఆర్మ్ పళ్ళు దానితో కలవలేదు. గట్టిగా నొక్కి స్క్రూ బిగిస్తే నిలిచింది. సార్ రెక్కను రెండు వేళ్ళతో పట్టి మెల్లగా ఊపారు. నా వేళ్ళనూ అక్కడ పెట్టించారు. వెంట్రుకవాసి కదలిక తగిలింది.

యజమాని వచ్చాడు. "ఏమప్పా సార్, అన్న ఎండలో కూచోనుండాడు. ఇంకా ఎంతసేపు?"

"ఎగరదన్నా. ఆర్మ్ సరిపోలేదు."

"బిగిసే ఉండాది కదా. ఒక చుట్టు తిప్పి దించేయ్."

"జోరు మీద ఈ కదలికే రెక్కను అదరగొట్టి ఊడగొడుతాది. ఆడ కూచోనుండేది పిల్లోళ్ళు."

"మరి నా మర్యాద?"

సార్ స్క్రూ విప్పి, ఆర్మ్ తీసి యజమాని అరచేతిలో పెట్టారు. "ఇది లేకుండా ఎవురూ ఎగిరించలేరు. నీ దగ్గరే పెట్టుకో."

తర్వాత తానే వేదికెక్కి, విమానం ఈరోజు ఎగరదనీ, ఎందుకు ఎగరదో కూడా పిల్లలకు మైకులో చెప్పారు. నాయకుడు ముఖం మాడ్చుకుని కారెక్కాడు.

వారం తిరక్కుండా సార్ ఉద్యోగం పోయింది. నేను రగిలిపోతూ వాళ్ళింటికి వెళ్ళాను. మిద్దె మీద నీడకు పాత చీరను పందిరిలా కట్టి, దాని కింద జెట్ రెక్కకు గరుకు కాగితం రుద్దుతున్నారు.

"తప్పయిందని ఒక్క మాట అనింటే సరిపోయేదని అందరూ అంటాండారు సార్."

"నువ్వేమంటావు?"

"అనద్దండి సార్."

"అయితే ఆ పక్క పట్టుకో."

బెంగళూరు నుంచి సరైన ఆర్మ్ తెప్పించుకుని, కణేకల్ అవతల పని ఆగిపోయిన తారురోడ్డు మీదికి వెళ్ళాం. అటూ ఇటూ వాన లేక విత్తనం పడని చేలు. ఎంత చూసినా మనిషి లేడు. సార్ రిమోట్ నా చేతికిచ్చారు. జెట్ ఏమాత్రం వణకకుండా లేచింది. ఆ మోత విని ఎక్కడినుంచో ఒక రైతు వచ్చి నిలబడ్డాడు.

"ఎవురప్పా ఎగిరిస్తాండేది?"

"నా శిష్యురాలు," అన్నారు సార్, ఆకాశం మీంచి చూపు తిప్పకుండానే.

సార్ ఇప్పుడు లేరు. పోయిన చలికాలం ఒక పెద్ద ప్రదర్శనలో జెట్ ఎగరేయమని నాకు పిలుపొచ్చింది. ఎగరేసే ముందు చూసుకుంటే ఆర్మ్‌లో సన్నటి పగులు కనిపించింది. మార్చడానికి ఇంకొకటి లేదు. టీవీ వాళ్ళు వచ్చేశారు, కాసేపైనా ఎగరేయమని నిర్వాహకులు బతిమాలారు, తర్వాత గొంతు పెంచారు. కుదరదన్నాను. జెట్‌ను కారు వెనక సీట్లో పడుకోబెట్టి ఇంటికి వచ్చేశాను. వాళ్ళు మళ్ళీ పిలవలేదు. పిలిచినా సరే, ముందు రెక్క పట్టుకుని ఊపి చూస్తాను. ఎదురు చూసేవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా చూడనీ.