గూడెంలో నేను కొట్టిన మనిషి

నేను జీవితంలో ఒక్క మనిషినే కొట్టాను. అదీ ఒక్కసారే. తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్‌కి వెళ్ళే రోడ్డు మీద, పట్టపగలు.

దెబ్బలంటే తెలియకుండా పెరిగినవాణ్ణేమీ కాదు. నేను పుట్టింది ఏలూరులో. మా నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆయన జుట్టుకీ కనుబొమ్మలకీ నార పొట్టు అంటుకుని ఉండేది. మాట్లాడేది తక్కువ, కొట్టేది ఎక్కువ. లెక్కల్లో మార్కులు తగ్గితే కొట్టేవారు. కాలవ గట్టున కనిపిస్తే కొట్టేవారు. ఒక్కోసారి ఎందుకు కొట్టారో ఆయనకే తెలిసేది కాదు. మా వీధంతా అలాగే ఉండేది. కుళాయి దగ్గర ఇద్దరాడవాళ్ళు బిందెలతో కొట్టుకుంటే ఒకావిడకి నుదురు చిట్లి కళ్ళలోకి రక్తం కారడం చూశాను. ఎదురింటాయన సొంత తమ్ముణ్ణి గుమ్మంలో పడేసి తొక్కడం చూశాను.

అయినా మా వీధిలో దెబ్బకి ఒక హద్దుండేది. కొట్టేవాడూ, తినేవాడూ, విడిపించేవాడూ ఒకరికొకరు తెలుసు. మా నాన్న చెయ్యెత్తగానే పక్కింటి మామ్మగారు గోడ మీంచి, చాలండి, ఇంక వదిలేయండి అనేవారు. ఆవిడ మాటకి ఆయన చెయ్యి దించేసేవారు. ఆ బిందెల ఆడవాళ్ళు వారం తిరక్కుండానే మళ్ళీ పక్కపక్కన నిలబడి నీళ్ళు పట్టుకున్నారు. ఒకావిడ నుదుటి మీద కుట్లు ఇంకా విప్పలేదు.

నేను మాత్రం పెద్దయ్యాక ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదనుకున్నాను. డిగ్రీ తప్పాక పవరుపేటలో ఒక కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీయడం నేర్చుకున్నాను. యజమాని పనిమంతుడు, కోపిష్టి. అద్దం పగిలితే స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. అప్పటికి నాకు ఇరవై దాటాయి. ఎదురు తిరగలేదు. పని వచ్చాక తాడేపల్లిగూడెంలో ఒక షాపులో కుదిరాను. పెళ్ళయింది, పాప పుట్టింది.

గూడెం ఏలూరులాంటిది కాదు. ఏలూరులో రోడ్డు మీద నడిస్తే పదిమంది పలకరిస్తారు. గూడెంలో పొద్దున రైలు దిగిన మనిషి సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతాడు. మహారాష్ట్ర నుంచి ఉల్లిపాయల లారీలు వస్తాయి, పల్లెల నుంచి బేరానికి జనం వస్తారు, హాస్టళ్ళ పిల్లలు వస్తారు. మా షాపు ముందు ఎప్పుడూ ఉల్లిపొట్టు ఎగురుతూ ఉండేది. పొద్దున్నే ఊడ్చినా పది గంటలకి మళ్ళీ గుమ్మంలో పోగుపడేది. నాకు ఆ ఊరు నచ్చింది. ఎవరి గొడవ వాళ్ళదే. ఐదేళ్ళలో మా వీధిలో ఒక్క దెబ్బలాట చూడలేదు.

ఆ ఎండాకాలం అందరి ఫోన్లలోకీ ఒకటే మెసేజ్ రావడం మొదలైంది. పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠా దిగిందనీ, గోనెసంచులతో తిరుగుతున్నారనీ. కింద ఎక్కడివో ఫొటోలు. మా షాపుకొచ్చిన వాళ్ళంతా అదే మాట. నా భార్య పాపని వాకిట్లోకి రానివ్వడం మానేసింది. పాపకి అప్పుడు మూడేళ్ళు. నేను పైకి నవ్వేవాణ్ణి గానీ మధ్యాహ్నం రెండుసార్లు ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి.

ఒకరోజు మూడు గంటలప్పుడు రోడ్డు మీద ఒకామె అరుపు వినిపించింది. షట్టరు సగం దించి బయటికొచ్చాను. నాలుగు షాపుల అవతల జనం మూగారు. మధ్యలో ఒక మనిషి. నలభై ఏళ్ళుంటాయి. నల్లగా, సన్నగా ఉన్నాడు, గళ్ళ లుంగీ, చేతిలో గోనెసంచి. వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి పిలిచి ఏదో అడిగాడట. ఆ పిల్లాడి తల్లే అరిచింది. అడ్రసు అడిగాడని మాకు తర్వాత తెలిసింది.

మొదట ఇద్దరే కొడుతున్నారు. అతను చేతులు జోడించి అందరికీ సమాధానం చెప్తున్నాడు. “ఏవండీ, మాది కొల్లేరండి. మా చెల్లెలింటికొచ్చానండి. ఒక్కసారి వినండి.” చెంప మీద దెబ్బ పడిన ప్రతిసారీ కొట్టినవాడి వైపే తిరిగి ఏవండీ అంటున్నాడు. ఎవరో సంచి లాక్కుని బోర్లించారు. ఎండుచేపల పొట్లం పడింది. దాని వెనకే ఒక గులాబీ రంగు గౌను పడింది, చిన్నపిల్లది, కొత్తది.

ఆ గౌను చూశాక జనం ఊగిపోయారు. ఎవరి పిల్లదిరా ఇది అంటూ మీద పడ్డారు. ఒకతను కాలితో డొక్కలో తన్నాడు. ఒకతను లారీ తాడు తెచ్చాడు. కరెంటు స్తంభానికి కట్టేశారు. ఉల్లిపాయల బస్తాలు మోసే హమాలీలు, బట్టల షాపాయన, ట్యూషన్ మాస్టారు, అందరూ ఉన్నారు. అతని నోట్లోంచి రక్తం, దానితో పాటు ఒక పన్ను. అప్పటికీ ఏదో చెప్తూనే ఉన్నాడు, మాట అర్థం కావడం లేదు.

నేను వెనకే నిలబడ్డాను. మా పక్క షాపాయన నా భుజం మీద చెయ్యి వేసి, “మీకూ ఆడపిల్లుంది కదండీ” అన్నారు. అంతే అన్నారు. నన్నెవరూ తొయ్యలేదు. నేనే జనంలోంచి దారి చేసుకుని ముందుకెళ్ళాను. పిడికిలి బిగించి అతని మొహం మీద కొట్టాను. ఎడమ కంటి కింద తగిలింది. వేలికి పెళ్ళి ఉంగరం ఉంది. అతని తల స్తంభానికి కొట్టుకుని మళ్ళీ ముందుకి వాలింది.

నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. ఒళ్ళంతా తేలికైపోయింది. మా నాన్నకి కూడా ఇలాగే ఉండేదేమోనని ఒక్క సెకను అనిపించింది. రెండో దెబ్బకి చెయ్యెత్తాను కూడా. ఈలోగా పోలీసు జీపు హారన్ వినిపించి జనం విచ్చుకున్నారు. నేనూ జారుకున్నాను.

షాపుకెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. పది నిమిషాలకి ఒక పెద్దావిడ కళ్ళజోడు స్క్రూ ఊడిందని వచ్చారు. బిగించి ఇచ్చాను. ఉంగరం వేలు వాచిపోతే, షాపు షట్టర్లో నలిగిందని ఇంట్లో చెప్పాను.

ఆ మనిషి చెల్లెలు మా వెనక వీధిలోనే అద్దెకుంటోందనీ, ఆమె కూతురి పుట్టినరోజుకి గౌను తెచ్చాడనీ సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. పోలీసులు నలుగుర్ని తీసుకెళ్ళారు. తర్వాత షాపు షాపుకీ వచ్చి ఎవరు చూశారని అడిగారు. నేను లోపల అద్దాలు అరగదీస్తున్నాను, చూడలేదని చెప్పాను. మా వరసలో ఎవరూ చూడలేదు.

రెండేళ్ళకి కైకలూరులో సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాను. గూడెంలో ఉండలేకే వచ్చానని చెప్పుకోను. షాపు దొరికింది, వచ్చాను. ఇక్కడ ఊరంతా చేపల వాసన, మేత వాసన. ఐసు లారీల నుంచి కారే నీళ్ళతో రోడ్డు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఇక్కడి తగువులన్నీ చెరువుల మీదే. ఒకరి చెరువు నీళ్ళు ఒకరి చేలోకి వదిలారనీ, గట్టు కోశారనీ. తలకి గుడ్డ చుట్టుకుని, పగిలిన కళ్ళజోడు చేత్తో పట్టుకుని, ఆస్పత్రికి వెళ్ళేముందు నా దగ్గరికొచ్చిన వాళ్ళున్నారు. ఎవరు కొట్టారండీ అంటే, మా బావేనండి అంటారు మామూలుగా.

కొల్లేటి ఊళ్ళలో కంటి పరీక్షల క్యాంపులు పెడుతుంటారు. ఏలూరు నుంచి డాక్టరమ్మ వస్తారు, కళ్ళజోళ్ళు నేను చేసిస్తాను. కిందటేడు ఒక ఊరి స్కూల్లో క్యాంపు జరిగింది. మధ్యాహ్నం ఒకతను భార్య చెయ్యి పట్టుకుని వచ్చి నా ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ కంటి మీద తెల్లగా పొర కమ్మేసి ఉంది. పరీక్ష ఫ్రేము పెడుతూ ఎలా తగిలిందని మామూలుగా అడిగాను.

“గూడెంలో కొట్టారండి,” అన్నాడు. “పిల్లల దొంగననుకున్నారండి.”

చేతిలో అద్దం కింద పడింది. పగల్లేదు. వంగి తీసుకున్నాను. అతను నన్ను గుర్తుపట్టలేదు. ఆ రోజు అతని కళ్ళ నిండా రక్తమే. ఉన్న ఒక్క కన్నూ ఈమధ్య మసకేస్తోందని భార్య చెప్పింది. వల కుట్టలేకపోతున్నాడట. కేసు సంగతి అడిగితే, కొట్టేశారండి, సాక్షులెవరూ రాలేదు అంది.

వారం తర్వాత కళ్ళజోడు నేనే పట్టుకెళ్ళాను. మామూలుగా అయితే ఆశా వర్కరుకి ఇచ్చేస్తాను. చెరువు గట్ల మీద ఆటోలో కుదుపులు తింటూ వెళ్తుంటే రెండుసార్లు వెనక్కి తిప్పమందామనుకున్నాను.

ఇంటి ముందు తాటాకు చూరు కింద అతను కూర్చున్నాడు. భార్య చేప పొలుసు తీస్తోంది. కళ్ళజోడు పెట్టి, ఎదురుగా ఉన్న గోడ మీద రాసింది చదవమన్నాను. చదివాడు. మొహం విప్పారింది. అప్పుడు చెప్పాను.

“ఆ రోజు గూడెంలో నేనూ ఉన్నానండి. మిమ్మల్ని కట్టేశాక కొట్టాను. కంటి కిందే తగిలింది.”

భార్య మెల్లగా లేచింది. చేతిలో కత్తి కింద పెట్టేసింది, అది నాకు బాగా గుర్తుంది. పొలుసుల చేత్తోనే నా చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. తర్వాత చేపల బుట్ట అందుకుని తల మీద, భుజాల మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. మధ్యలో అతను అడ్డం రాబోతే ఆమె మోచెయ్యి తగిలి కళ్ళజోడు ఎగిరి మట్టిలో పడింది. నేను చేతులు అడ్డం పెట్టుకోకూడదనుకున్నాను గానీ పెట్టుకున్నాను. దెబ్బ పడేటప్పుడు చెయ్యి దానంతటదే లేస్తుంది.

చప్పుడుకి జనం వచ్చారు. వలలు బాగుచేస్తున్న మగవాళ్ళు ఏడెనిమిది మంది, ఒకతని చేతిలో పడవ తోసే గెడ. ఎవడీడు, ఏం చేశాడు అంటూ చుట్టూ చేరారు. ఒకతను నా కాలరు పట్టుకున్నాడు. అతని చేతుల్లోని బలం తెలుస్తూనే ఉంది. నేను కొట్టిన ఆ మనిషి ఒక్క మాట చెప్తే నన్ను అక్కడే ముగించేస్తారని నాకు తెలుసు. గూడెంలో అతనికి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు నా ఒంటికే తెలిసింది. ఏవండీ అని కూడా అనలేకపోయాను.

భార్య రొప్పుతూ మొగుడి వైపు చూసింది. అతను నేల తడుముతున్నాడు. కళ్ళజోడు దొరికాక లేచాడు.

“ఏం లేదండి. కళ్ళజోడాయన. మా ఆవిడతో మాటా మాటా వచ్చింది. మీరు వెళ్ళండి,” అన్నాడు.

వాళ్ళు నమ్మలేదు. కాలరు పట్టుకున్నవాడు ఇంకా వదల్లేదు. అతను వచ్చి ఆ చెయ్యి తనే విడిపించాడు. వెళ్ళమని ఇంకోసారి చెప్పాడు. ఒక్కొక్కరే వెనక్కి చూసుకుంటూ పోయారు.

నేను చేతులు జోడించి ఏదో అనబోయాను. అతను విననివాడిలా కళ్ళజోడు నా ముందు పెట్టాడు. ఒక పక్క కాడ పూర్తిగా వంకర పోయింది.

“ఇది సరిచేసి వెళ్ళండి. మళ్ళీ మా ఇంటికి రాకండి.”

చాప మీద కూర్చుని జేబులోంచి పట్టకారు తీశాను. చెవి దగ్గర తెగి రక్తం కారుతోంది, అది ఫ్రేము మీద పడకుండా ఒక చేత్తో అదుముకుంటూ కాడ వంచాను. ఒంటిచేత్తో చాలాసేపు పట్టింది. భార్య లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. అతను ఎదురుగా కూర్చుని పని అయ్యేదాకా చూశాడు. పెట్టుకుని, సరిపోయింది అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి నా భార్యకి అంతా చెప్పాను. ఆమె నా చెవికి దూది పెడుతూ వింది. పూర్తయ్యాక, ఈ సంగతి పాపకి ఎప్పుడు చెప్తారు అని అడిగింది. చెప్పాలా అన్నాను. మీరు చెప్పకపోతే నేను చెప్తాను అంది. పాప ఇప్పుడు హైస్కూల్లో చేరింది. ఇంకా చెప్పలేదు. ఈ కాగితాలు రాయడం మొదలుపెట్టింది అందుకే.

ఆ ఊళ్ళో మళ్ళీ క్యాంపు పెట్టినప్పుడు నేను వెళ్ళలేదు. అతనికి ఉన్న ఒక్క కన్నూ ప్రస్తుతానికి బాగానే ఉందని, వల కుట్టుకుంటున్నాడని డాక్టరమ్మ చెప్పారు.