శ్రావణంలో పిల్లికూన

లింగాల ఘనపూర్‌లో విమల వాళ్ల ఇంట్లో తల్లిపిల్లి చచ్చిపోగా నెలన్నర కూన ఒక్కటే మిగిలింది. అత్త రాజవ్వ దానికి రోజూ చిక్కటి బర్రెపాలు పోసేది. కూనకు విరేచనాలు పట్టుకున్నాయి. తోక తడి ఆరడం లేదు. నాలుగడుగులు వేస్తే తూలిపడుతోంది.

విమల దాన్ని బుట్టలో పెట్టుకొని పశువుల దవాఖానకు వెళ్లింది.

"పాలే దీనికి పడ్తలేవక్కా. బంద్ చెయ్యి" అంది డాక్టరమ్మ. మందు ఇచ్చి, కాచి చల్లార్చిన నీళ్లు మాటిమాటికీ తాగించమంది. ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం కొద్దికొద్దిగా పెట్టమంది.

అది శ్రావణమాసం. ఆ ఇంట్లో నీసు పొయ్యి ఎక్కదు.

"పిల్లికేం శ్రావణం అత్తమ్మా?"

"పిల్లికి లేదు, నా పొయ్యికున్నది. వండితే కొట్టంల వండుకో. తలకు పోసుకున్నంకనే గడప తొక్కు."

కూనను కొట్టంలోనే ఉంచి రోజుకు నాలుగుసార్లు తినిపించడం, నాలుగు తలస్నానాలు. విమల జుట్టు ఆరనే లేదు. నిష్ఠ అత్తది, చన్నీళ్లు కోడలివి. మూడో రోజుకు విరేచనం గట్టిపడింది. కూన గొంతెత్తి అరిచింది.

ఆ అరుపు విని రాజవ్వ పాలగిన్నెతో కొట్టం ముందుకు వచ్చింది. "పసిదానికి పాలియ్యకుంటే పాపం తాకుతది. జరుగు పిల్లా."

"తాకితే నాకే తాకనియ్యి అత్తమ్మా" అంటూ విమల లోపలి నుంచి గడియ పెట్టుకుంది.

రాజవ్వ తలుపు ముందు నుంచి కదల్లేదు. శ్రావణం ఇంకా పద్దెనిమిది రోజులుంది.