చేతికివ్వని కత్తి

టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్.

తమిళనాడులోని మహేంద్రమంగళం మలుపులో తెల్లవారకముందే వ్యాను కోసం నిలబడే ఆడవాళ్లకు ఆ చప్పుడు తెలుసు. చీకటి ఇంకా పూర్తిగా విడవని రోడ్డు మీద ముందు ఆ చప్పుడు నడిచొస్తుంది, దాని వెనక రంగమ్మ. మడత కత్తిని తెరవడం, మూయడం. నడిచినంతసేపూ ఆమె బొటనవేలికి అదే పని. నిలబడితే కాలు మార్చి కాలు మారుస్తుంది. వ్యానులో కిటికీ పక్కన చోటు అడిగి తీసుకుంటుంది, ధర్మపురి రాకముందే దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి లేచి నిలబడుతుంది. కుదురుగా ఉండడం ఆమెకు చేతకాదు. నడుముకు కట్టుకున్న గుడ్డతిత్తిలో రెండు కత్తులు ఉన్నంతవరకు అది లోటుగానూ తోచలేదు.

కొమ్ముపిడి కత్తి నోటి కోసం. వక్క చీలుస్తుంది, ఉల్లిగడ్డ కోస్తుంది, దోసకాయ చెక్కు తీస్తుంది. ఇనుపపిడిది పని కోసం. టమాటా తోటలో పురికొస, ఎరువుమూట కుట్టు, మేక కాలికి చుట్టుకున్న తాడు. ఒకదాని పని ఇంకొకదానికి చెప్పదు. ఇనుపపిడిది హరూర్ సంతలో కొనుక్కుంది. కొమ్ముపిడిది, పెళ్లై అత్తగారింటికి బయలుదేరిన రోజు తల్లి చిక్కమ్మ గడప పక్కన నేల మీద పెట్టి "ఎత్తుకో" అన్నది. చేతికివ్వలేదు. కత్తి చేతి నుంచి చేతికి పోతే ఇద్దరి మధ్య జగడం పుడుతుందని ఆ ఇళ్లలో నమ్మకం. ఇచ్చేవాళ్లు కింద పెడతారు, తీసుకునేవాళ్లు వంగి ఎత్తుకుంటారు.

అప్పటినుంచి ఆమెది ఒకరి పొలంలో కూలి బతుకు. ఎండలో వంగిన నడుము ఎత్తినప్పుడల్లా చెయ్యి తిత్తి మీదికి పోయేది. రెండూ ఉన్నాయి. ఆ బరువు వేళ్లకు తగలగానే ఆ పూటకు లోకంలో ఇంకేదీ తక్కువైనట్టు ఉండేది కాదు.

ఈ ఏడు బోర్లు ఎండిపోయి ఊళ్లో ఎవరూ టమాటా వెయ్యలేదు. ఆడవాళ్లంతా అదియమాన్‌కోట్టై దారిలో ఉన్న ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి మళ్లారు. రంగమ్మా వాళ్లతో వెళ్లింది.

గేటు దగ్గర కాపలా ఉండే ముత్తుకుమార్‌కు కొత్త యూనిఫాం కాలరు మెడను గీరుతోంది, తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. తిత్తి విప్పించి చూశాడు.

"ఏంటక్కా ఇవి?" అని తమిళంలో అడిగాడు. అక్కడ మాటలన్నీ తమిళమే.

"కత్తులు."

"కనపడుతూనే ఉన్నాయి. లోపల కంపెనీ కత్తులే కావలసినన్ని. బయటివి పోకూడదు. ఇవ్వండి." అరచెయ్యి చాచాడు.

రంగమ్మ వంగి, రెండింటినీ అతని బూట్ల ముందు నేల మీద పెట్టింది.

అతని ముఖం బిగుసుకుంది. "చేతికివ్వమంటే కింద పెడతారా? నా చెయ్యి తగిలితే మీకేమైనా అంటుకుంటుందా?"

కూలిడబ్బు వేలికి వేలు తగలకుండా పైనుంచి జారవిడిచే చేతులను ఆమె చిన్ననాటి నుంచి చూసింది. ఆ చేతుల కింద దోసిలి పట్టినది తానే. తననే ఇప్పుడొకడు ఆ మాట అడుగుతున్నాడు.

"అట్ల కాదు నాయనా. చేతికిస్తే నీకూ నాకూ జగడం వస్తుంది."

"మరి ఇప్పుడు వచ్చింది ఏంటి, పెళ్లా?"

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ముత్తుకుమార్ నవ్వలేదు. బూటు కొనతో కత్తులను గోడ పక్కకు నెట్టేశాడు.

లోపల తోతాపురి మామిడికాయల గుట్టలు, ఈగలు, వేళ్ల సందుల్లో కాలే సొన. కంపెనీ కత్తులన్నిటికీ ఒకటే నీలం ప్లాస్టిక్ పిడి. పొద్దున డబ్బాలోంచి ఏది చేతికొస్తే అది తీసుకోవాలి, సాయంత్రం అందులోనే వెయ్యాలి. నిన్న ఎవరు పట్టుకున్నారో, రేపు ఎవరి చేతిలో ఉంటుందో ఆ కత్తికి తెలియదు. రంగమ్మ కాయ తొడిమ కోస్తుంది, మనసు గేటు దగ్గర తిరుగుతుంది. ఎడమ చెయ్యి ఊరికూరికే నడుము మీదికి పోయి, ఖాళీ గుడ్డను తడిమి వస్తుంది.

పక్కన కాయలు కోస్తున్న ఇలక్కియా చూసింది. "ఏంటత్తా, కడుపునొప్పా?"

"కాదు."

"చెయ్యి అక్కడే ఉంది మరి. మామకు ఫోన్ చేసి సోడా తెమ్మననా?"

సాయంత్రం ముత్తుకుమార్ రెండు కత్తులనూ అరచేతిలో పెట్టుకొని నిలబడ్డాడు. "తీసుకోండి."

"కింద పెట్టు నాయనా, ఎత్తుకుంటా."

"పెట్టను. నా చేతి నుంచి తీసుకుంటే తీసుకోండి. లేదంటే ఇక్కడే ఉంటాయి."

వ్యాను హారన్ కొట్టింది, ఇంకోసారి కొట్టింది. రంగమ్మ ఉత్త తిత్తితో ఎక్కింది.

ఇంట్లో అన్నం ముందు కూర్చొని లేచింది, నీళ్లు తాగడానికి వెళ్లి చెంబు అక్కడే పెట్టి వచ్చింది. కత్తిపీట మీద కోసిన ఉల్లిపాయ ఎందుకో నోటికి పోలేదు. భర్త సుబ్బరాయప్ప కొంతసేపు ఓపికపట్టాడు.

"ఏమే, నాకు జొరమొచ్చి ఆస్పత్రిలో పండుకున్నప్పుడు గూడా ఇంత తిరగలేదే నువ్వు."

"నువ్వు యాడికీ పోవని తెలుసు నాకు."

"పోనీ, చేతినుంచే తీసుకోరాదా? జగడమొస్తే వచ్చె. నాతో ఆడడం లేదా ఏమి?"

అతను తమాషాకన్నాడు. ఆమె మాత్రం నడవడం ఆపి, తలుపు పట్టుకొని నిలబడిపోయింది. తల్లి మాట దాటడం ఒక ఎత్తు. తాను కత్తి తీసుకోని ప్రతి పూటా ఆ పిల్లవాడు తన చెయ్యిని తానే చూసుకుంటూ నిలబడడం ఇంకో ఎత్తు. ఏది ఎక్కువ బరువో తూచుకోలేక ఆమె మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

మరుసటి సాయంత్రం గేటు దగ్గర మళ్లీ అదే అరచెయ్యి. రంగమ్మ ఎదురుగా వెళ్లి నిలబడింది. కత్తులతో పాటు అతని వేళ్లను కూడా కలిపి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు వదలకుండానే తెలుగులో అందుకుంది.

"అన్నం పెట్టే ఇనుమును బూటుతో తోస్తావా రా? నీ బూటు కుక్క ఎత్తకపోను. నీ మీసాలు మేకలు మెయ్య. పెద్దదాన్ని పట్టుకొని అంత మాట అడుగుతావా? నీ నోట్లో వేపాకు నూరి పొయ్య..."

ముత్తుకుమార్ నోరు తెరిచి ఇలక్కియా వైపు చూశాడు. "ఏమంటోంది?"

"తెలుగు నాకు రాదన్నా. మీసం గురించే ఏదో."

ఊపిరి అందాక రంగమ్మ చెయ్యి వదిలి, తమిళంలోకి మారింది. "అయిపాయ. చేతినుంచి తీసుకుంటే రావల్సిన జగడం వచ్చె, ఆడేస్తిమి. ఇంక మన మధ్య ఏమీ లేదు."

అతను తన అరచేతిని చూసుకున్నాడు, ఆమెను చూశాడు. కాలరు సర్దుకున్నాడు. "కత్తులు రేపు కూడా ఇక్కడే పెట్టాలక్కా. రూలు."

"ఇస్తాను. చేతికే ఇస్తాను. సాయంత్రం మళ్లా ఆడుకుందాం."

అప్పటినుంచి అదే వరస. పొద్దున ఇచ్చినదానికీ సాయంత్రం తీసుకున్నదానికీ కలిపి ఒకేసారి తిడుతుంది. ఒకనాడు వానకు తడుస్తూ తిట్టకుండానే వ్యాను ఎక్కబోతే, "అక్కా, ఈరోజుది?" అని వెనకనుంచి కేకేశాడు. ఆమె మెట్టు మీదనుంచే తిట్టి లోపలికి వెళ్లింది. పగలంతా చెయ్యి ఖాళీ గుడ్డనే తడుముతుంది, కాయల గుట్ట తరగదు, కాలు నిలవదు. అయినా సాయంత్రం తిత్తి బరువెక్కి తొడకు తగులుతుంటే, కిటికీ పక్కన చోటు దొరికితే, ఊరు వచ్చేదాకా అక్కడే కూర్చునే రోజులు ఉన్నాయి.

ఇదంతా ఆమె ఇంటి అరుగు మీద వక్క చీలుస్తూ, మధ్యలో లేచి మేకను కసురుతూ, మళ్లీ కూర్చుంటూ నాకు చెప్పింది. నేను సెలవు తీసుకోబోతుంటే వాకిలి దాకా వచ్చింది.

"రాసేదానికి వచ్చినావు గదా సామీ. నాకు వచ్చిన తిట్లు అయిపోయినాయి, తిట్టినవే తిడితే వాడు కనిపెట్టేస్తా ఉండాడు. సీజను ముగిసే దాకా సరిపోయేటట్టు నాలుగు కొత్తవి చెప్పిపో."